గంప దించిన చోటు

ఆ వేసవిలో మా అత్త నా కాళ్ళకి వెన్న రాసింది. మా గోలోగ్ గడ్డి మైదానాల్లో ఇటువంటి వింత ఎవరూ విని ఉండరు. కోడలు అత్త కాళ్ళు పట్టాలి, అత్త తన నొప్పులు ఏకరువు పెట్టాలి, అదీ పద్ధతి. మా అత్త మాత్రం నలభై రోజుల పాటు, పొద్దు వాలే వేళకి నన్ను పొయ్యి పక్కన కూచోబెట్టి, నా పాదాలు తన ఒళ్ళోకి లాక్కుని, కరిగిన వెన్నతో మడమల పగుళ్ళు నిమిరేది. "కనుమ ఎక్కి దిగిన కాళ్ళే ఇవి, నా తల్లే" అనేది. నేను కళ్ళు మూసుకునేదాన్ని. సుఖానికి మూసుకున్నాననుకుని ఇంకాస్త వెన్న వేసేది.

ఇప్పుడు నాకు ఆవిడ వయసు వచ్చింది. ఇన్నాళ్ళకి ఈ ముక్క చెబుతున్నానంటే ధైర్యం వచ్చి కాదు, మోసి మోసి విసుగొచ్చి.

కొండలకి ఇనుప కంచెలు వేసిన మూడో ఏడు అది. అంతకు ముందు మా ఆయన లుబుం, మా బావగారు గ్యాలో ఒకే మందని కలిపి మేపేవాళ్ళు. కంచెలొచ్చాక అన్నదమ్ములు కొండని పంచుకున్నారు. వేసవి మేత పైన పక్కపక్కనే, మధ్యన నాలుగు వరసల తీగ. చలికాలం మేత మాది ఏటికి అవతల, వాళ్ళది కొండ వెనక. మా అత్త చిన్న కొడుకు దగ్గరే ఉంటానంది. పెద్ద కొడుకు దగ్గర కోడలు నవ్వు ఎక్కువ, జపం తక్కువ అని ఆవిడ ఫిర్యాదు.

ఆ నవ్వే మా తోటికోడలు నమ్కీ. ఆవిడ నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. నేను కాపురానికి వచ్చిన కొత్తలో జడలబర్రె పాలు పితకడం చేతకాక ఏడుస్తుంటే, తన బర్రెలు వదిలేసి వచ్చి నావి పితికి పెట్టింది. అలాంటి మనిషి ఆమె.

మంచు కరిగి గడ్డి వేలెడంత లేచేసరికి పురుగులు దిగాయి. ప్రతి ఏడూ ఉండేవే, అక్కడొకటి ఇక్కడొకటి. ఆ ఏడు మాత్రం కొండంతా నల్లబడిపోయింది. చిటికెన వేలంత గొంగళిపురుగులు, ఒళ్ళంతా నల్ల జుట్టు, ఎర్ర తల. నడుస్తుంటే బూటు కింద జారేవి. మధ్యాహ్నం గాలి ఆగితే, అవి గడ్డి కొరికే చప్పుడు సన్నని తుంపర పడుతున్నట్టు వినిపించేది. వాటి జుట్టు రాలిన గడ్డి తిని బర్రెల నోళ్ళు పుండ్లు పడ్డాయి. చొంగ కార్చుకుంటూ, గడ్డి ముందు నిలబడి తినలేక మా వైపు చూసేవి. పాలు సగానికి పడిపోయాయి.

జిల్లా నుంచి ఇద్దరు కుర్రవాళ్ళు వీపున మందు డబ్బాలు కట్టుకుని వచ్చారు. మా ఊరి పెద్ద అందరినీ పిలిచి, ఎవరి కొండ మీద మందు కొట్టాలో వాళ్ళు వేలిముద్ర వెయ్యండన్నాడు. వెయ్యని వాళ్ళ జోలికి రారట.

మా అత్త జపమాల తిప్పుతూ లేచి నిలబడింది.

"ఒరే పిల్లాడా, ఈ కొండ మీద ఎన్ని ఉంటాయిరా అవి?"

"ఎవరు లెక్కపెట్టారు అవ్వా!"

"లెక్క తెలీకుండా ప్రాణాలు తీసేసి, రేపు అడిగినవాడికి ఏం చెబుతావురా?"

మా బావగారు కల్పించుకున్నాడు. "అమ్మా, బర్రెలవి మాత్రం ప్రాణాలు కావా? నోళ్ళు చూశావా?"

"బర్రెకి కాళ్ళున్నాయిరా. తోలుకుపో."

"ఎక్కడికి తోలను? ఏ పక్కకి తిరిగినా తీగే కదా!"

అందులో అబద్ధం లేదు. మా అత్తకీ తెలుసు. అయినా, "ఏ జన్మలోనో నిన్ను కని పెంచినవాళ్ళే అవన్నీ. తల్లి మీద మందు కొడతావా?" అంది. మా బావగారు తల వంచుకుని వెళ్ళి వేలిముద్ర వేశాడు. ఎర్ర సిరా అంటిన వేలు అందరి ముందూ తుడుచుకోలేక పిడికిలి మూసుకున్నాడు. మా ఆయన అన్న వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు, చెయ్యి పొడుగాటి చొక్కా చేతిలోకి లాక్కుని ఊరుకున్నాడు. ఆయన ఏ గొడవలోనైనా చేసేది అదే.

ఆ రోజు నుంచి మా అత్త పెద్ద కొడుకు గుడారంలో పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. "ఆ పొయ్యి మీద మందు కంపు" అనేది.

మరి మా కొండ సంగతేమిటి? ఆవిడ రెండు రోజులు ఆలోచించి తేల్చింది. "చంపొద్దు. మోద్దాం. కనుమ దాటితే రాళ్ళ వాలు మీద గడ్డి ఉంది. మంద పోని చోటు. అది ఎవరిదీ కాదు. అక్కడ వదిలేస్తే వాటి బతుకు అవి బతుకుతాయి."

మోద్దాం అన్నప్పుడు మోసేది ఎవరో నాకు వెంటనే అర్థమైంది.

ఇలా చేసేవాళ్ళం. తెల్లారగట్ల చలికి పురుగులు ముద్దలు ముద్దలుగా ముడుచుకుని ఉంటాయి. అప్పుడు నోటికి గుడ్డ కట్టుకుని, పేడ ఎత్తే చెక్క పారతో నేలంతా మెల్లగా గీకి, గొర్రెతోలు పరిచిన పేడ గంపలోకి ఎత్తాలి. మా అత్త ఒక్కో ముద్దకీ 'ఓం మణి పద్మే హుం' అని మంత్రం చెప్పేది. "మెల్లిగా ఎత్తవే, నడుములు విరుగుతాయి" అనేది. ఎవరి నడుములో నేను అడగలేదు. ఎంత జాగ్రత్తగా ఉన్నా జుట్టు గుచ్చుకుని చేతులు ఉబ్బి, దద్దుర్లు లేచేవి. పాలు పితికి, మజ్జిగ చిలికి, పిడకలు పరిచి, అప్పుడు గంప వీపున కట్టుకుని బయల్దేరితే, కనుమ ఎక్కి దిగి వచ్చేసరికి పొద్దు పడమటికి వాలేది.

తొమ్మిది రోజులు నిజంగానే ఎక్కాను. ఇది మాత్రం ఎవరి ముందైనా చెప్పగలను.

పదో రోజు పొద్దున్న కంచె పక్కనుంచి పోతుంటే, అవతల నమ్కీ అక్క జుట్టు విరబోసుకుని, ఎండలో కూచుని చిక్కు తీసుకుంటోంది. మందు కొట్టి వారమైంది. వాళ్ళ వైపు గడ్డి పచ్చగా లేస్తోంది.

"ఏమే చెల్లీ, ఇవాళ కూడా పురుగుల పెళ్ళేనా? ఊరేగింపుగా తీసుకుపోతున్నావు!"

"నువ్వూ రా అక్కా, పెళ్ళికూతురి తరఫున."

"నాకు కట్నాలు పెట్టే ఓపిక లేదమ్మా." పకపకా నవ్వింది. "అదికాదే, ఒక గుర్రమైనా ఇమ్మని మీ ఆయన్ని అడగవే. నోట్లో నాలుక లేకపోతే ఎలా?"

"గుర్రం వాసనకి పురుగులు బెదురుతాయట. అత్త చెప్పింది."

"పురుగులు బెదరకూడదు, కోడలు చచ్చినా పర్లేదు!" అని, లోపలికి వెళ్ళి గిన్నెడు పెరుగు తెచ్చి తీగ మీదుగా అందించింది. "తాగిపో. ఆ ముసలావిడకి నేను చెప్పనులే."

తాగాను. చల్లగా, మీగడ కట్టి ఉంది. తాగుతున్నంతసేపూ నాకు కడుపు మండిపోయింది. మేమిద్దరం ఒకే ఇంటి కోడళ్ళం. ఆమె వేలిముద్రతో పని ముగించుకుని జుట్టు దువ్వుకుంటోంది, నేను కొండలు మోస్తున్నాను. ఆమె పెట్టిన పెరుగు తాగుతూనే ఆమె మీద కుళ్ళుకున్నాను.

వాగు వెంట పోయి కొండ భుజం తిరిగితే మా గుడారం కనబడదు. అక్కడ దారి రెండుగా చీలుతుంది. ఒకటి పైకి, కనుమకి. రెండోది కొండ వెనక్కి దిగుతుంది, బావగారి చలికాలం మేత కంచె దాకా. ఆ చీలిక దగ్గరికి వచ్చేసరికి వడగళ్ళు మొదలయ్యాయి. వీపు మీద గంప, గంప మీద వడగళ్ళు. నేను కిందికి పరుగెత్తాను.

కంచె లోపల ఒక పల్లం ఉంది. మూడు వైపులా గట్టు, గాలి తగలదు, మంచు నిలవదు. చలికాలం చివర, ఎక్కడా గడ్డి పరక లేనప్పుడు, బక్కచిక్కిన బర్రెల్నీ అప్పుడే ఈనినవాటినీ అక్కడికి తోలతారు. అందుకే మిగతా నెలలన్నీ దాన్ని ముట్టకుండా కాపాడుకుంటారు. ఇవన్నీ నాకు తెలుసు. ఆ ఇంటి కోడల్ని, తెలియకపోవడమేమిటి?

తీగ కిందనుంచి దూరి పల్లంలో గట్టు చాటున కూచున్నాను. వడగళ్ళు వెలిశాయి. ఎండ వచ్చింది. పైకి చూస్తే కనుమ తెల్లగా మెరుస్తోంది. ఇంకా అంత దూరం ఎక్కాలి. ఒక్క రోజుకేనని చెప్పుకుని గంప బోర్లించాను.

అవి మెల్లగా విడివడి గడ్డిలోకి పాకిపోయాయి. గడ్డి ఎంత దట్టంగా ఉందంటే, కాసేపటికి ఒక్కటీ కనబడలేదు. ఏం జరిగినట్టూ లేదు.

అప్పుడే ఇంటికి పోతే అత్త అడుగుతుంది కదా, అందుకని పొద్దు వాలేదాకా అక్కడే వెల్లకిలా పడుకున్నాను. కాపురానికి వచ్చి ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళలో పగలు వెన్ను నేలకి ఆనించింది అదే మొదలు. ఎవరూ పిలవరు. పితకడానికి బర్రె లేదు, చిలకడానికి కవ్వం లేదు. చిన్నప్పుడు పుట్టింట్లో పాడిన పాటలు గుర్తుకొచ్చాయి. గట్టిగా పాడాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆ పల్లంలో గడిపిన మధ్యాహ్నాలంత సుఖం నాకు ముందూ లేదు, తరవాతా లేదు.

మర్నాడు వడగళ్ళు లేవు. ఎండ కాసింది. చీలిక దగ్గర నా కాళ్ళు కిందికే తిరిగాయి.

అలా ముప్ఫై రోజులు. సాయంత్రం ఇంటికి చేరేసరికి మా అత్త గుమ్మంలో ఎదురుచూస్తూ ఉండేది. "కనుమ మీద మంత్రాల జెండాలు బాగున్నాయా? ధూపం వేశావా? గాలెక్కువగా ఉందా?" అన్నిటికీ జవాబులు చెప్పేదాన్ని. మొదట్లో తడబడ్డాను. తరవాత అలవాటైపోయి, అడగనివి కూడా చెప్పేదాన్ని. "ఇవాళ గద్ద ఒకటి నా తలమీదుగా పోయింది అత్తా." ఆవిడ మురిసిపోయేది. తర్వాత వెన్న గిన్నె తెచ్చేది.

ఏడో నెలలో పురుగులు కనబడడం మానేశాయి. ఒకరోజు పిడకలు తిరగేస్తుంటే, ఒకదాని అడుగున బూడిదరంగు గూడు అంటుకుని ఉంది. తన జుట్టుతోనే అల్లుకున్న గూడు. మా అత్త దాన్ని చేతిలోకి తీసుకుని చూపించింది.

"ఇందులోది ఆడది. దీనికి రెక్కలుండవే. గూట్లోనే కళ్ళు తెరుస్తుంది, గూట్లోనే గుడ్లు పెడుతుంది, గూట్లోనే పోతుంది. ఎక్కడ అల్లుకుంటే అక్కడే."

"మరి మగది?"

"దానికేం, రెక్కలేసుకుని తిరుగుతుంది. మగాళ్ళ సంగతి కొత్తగా చెప్పాలా?"

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వు సగంలో ఉండగా నాకు పల్లం గుర్తొచ్చింది. ఎక్కడ అల్లుకుంటే అక్కడే.

మర్నాడు ఏదో వంక చెప్పి పల్లానికి పోయాను. పచ్చదనం లేదు. మొదళ్ళ దాకా కొరికేశాయి. నేల గోధుమరంగులో, బోడిగా, అక్కడక్కడా వేళ్ళు బయటపడి ఉంది. దాని మీద చిన్న చిన్న చిమ్మటలు పట్టపగలే ఎగురుతున్నాయి, నల్ల రెక్కల మీద పసుపు మచ్చలతో. నేను కూచుని గడ్డి మోడుల కింద వేళ్ళు పెట్టి చూశాను. గూళ్ళు. చెయ్యి పెట్టిన చోటల్లా గూళ్ళు. ఒకటి విప్పితే లోపల పసుపు పచ్చని లావుపాటి ఆడది, రెక్కలు లేకుండా, కదలకుండా, ఎదురుచూస్తూ ఉంది.

అప్పటికైనా దిద్దుకోవచ్చు. గడ్డి పోయిందంటే పోయింది, గూళ్ళయినా ఏరి కనుమ దాటించవచ్చు. పది రోజుల పని. నేను లెక్క వేసుకున్నాను కూడా. పది రోజులు ఏ వంక చెప్పాలి? బావగారి కంచెలో ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే? ఆ విప్పిన గూటిని మళ్ళీ మూసి, మోడు కింద పెట్టి, మట్టి కప్పి, ఇంటికి వచ్చేశాను.

పదో నెలలో అందరం కిందికి దిగాం. రెండు రోజులు పోయాక నమ్కీ అక్క నాకోసం ఏరు దాటి వచ్చింది. గుమ్మంలో నిలబడి, లోపల మా అత్త ఉందని అడుగు పెట్టలేదు.

"చెల్లీ, ఒకసారి వస్తావా? నీకొకటి చూపించాలి."

నవ్వని నమ్కీ అక్కని చూడడం అదే మొదలు. పల్లం గట్టు మీద నిలబెట్టి చూపించింది. తొలి మంచు సన్నగా పడి, బోడినేల నల్లగా కనిపిస్తోంది. ఆమె దోసిలి నిండా పాత గూళ్ళు పట్టుకుంది. "చూశావా? కొండంతటిలో ఎక్కడా లేవే, ఇక్కడొక్కచోటే. ఎందుకో తెలుసా?"

తెలిసిపోయిందనుకున్నాను. తెలిసిపోతే బాగుణ్ణనీ అనుకున్నాను.

"పైన మందు కొట్టించాం కదా. చచ్చినవన్నీ ఇక్కడికొచ్చి పుట్టాయే. సరిగ్గా మా ఆఖరి గడ్డి మీదే. వెతుక్కుంటూ వచ్చాయి చెల్లీ, మమ్మల్నే వెతుక్కుంటూ వచ్చాయి." గూళ్ళు జాగ్రత్తగా నేల మీద పెట్టి, కళ్ళు తుడుచుకుంది. "అత్త చెప్పింది. మేమే వినలేదు. ఆయన వెయ్యనంటుంటే నేనేనే, నేనే పొడిచి పొడిచి వేలిముద్ర వేయించాను. నాకు జుట్టు దువ్వుకునే తీరిక కావాలి కదా మరి!"

"చలిగా ఉంది అక్కా, లోపలికి పద" అన్నాను. ఇంట్లోకి తీసుకెళ్ళి, పొయ్యి రాజేసి, టీ కాచి, ఉప్పు వేసి ఆమె గిన్నెలో పోశాను. ఆ రోజు నేను చేసింది అంతే.

ఊరంతా పాకిపోయింది ఆ మాట. మా అత్త కూడా వింది. నేను చెప్పలేదా అంటుందేమోనని చూశాను. అనలేదు. లేచి, మంచి కోటు తొడుక్కుని, ఏరు దాటి, ఆరు నెలల తరవాత పెద్ద కొడుకు ఇంటికి వెళ్ళింది. "పాపం మొహం చూపించాక ఇంక నా కోపం దేనికి" అని, నమ్కీ అక్క చేత టీ పోయించుకుని తాగింది. అత్తా కోడళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నేను పక్కనే నిలబడి చూశాను. వాళ్ళని కలిపింది నా అబద్ధమే. దాన్ని విప్పితే ఇద్దరూ మళ్ళీ విడిపోతారని ఆ రాత్రి నాకు నేను చెప్పుకుని నిద్రపోయాను. మనిషికి వంకలకేం కొదవ?

ఆ చలికాలం పన్నెండో నెలలో మంచు పడి రెండు నెలలు కదల్లేదు. మాకు ఏటి ఒడ్డున కోసి ఎండబెట్టిన గడ్డి కొంత ఉంది. "బావగారికి పంపుదాం" అని మా ఆయనతో పోట్లాడాను. ఎప్పుడూ నోరెత్తని దాన్ని అరిచేసరికి ఆయన బిత్తరపోయి సగం పంపాడు. నేను తరవాత ఇంకో పావు పంపాను. మావి కూడా నాలుగు బర్రెలు చచ్చాయి. "ఎంత పెద్ద మనసే నీది" అని ఊరివాళ్ళు మెచ్చుకున్నారు.

అది చాలలేదు. పల్లం ఉంటే బతికేవి. వాళ్ళ ముప్ఫై ఆరు బర్రెల్లో ఇరవై తొమ్మిది పోయాయి. ఈనిన బర్రె పడిపోతే లేపడానికి బావగారు తోక పట్టుకుని, నమ్కీ అక్క కొమ్ములు పట్టుకుని లాగడం నేను చూశాను. లేవదు. కాసేపటికి ఇద్దరూ వదిలేసి, దాని పక్కనే మంచులో కూచునేవాళ్ళు.

ఆ పల్లంలో దోసెడు గడ్డి లేకుండా చేసింది నేను. పురుగులు ఆ ఏడు ఎలాగూ వచ్చేవేమో, మంచు ఎలాగూ పడేదేమో అని ఎన్నిసార్లో అనుకున్నాను. గూళ్ళు ఆ ఒక్క చోటే ఉన్నాయి.

రెండో నెలలో నమ్కీ అక్క మఠం ఉన్న కొండ చుట్టూ సాష్టాంగ ప్రదక్షిణం మొదలుపెట్టింది. నిలబడి దండం, మోకాళ్ళ మీద వాలి, ఒళ్ళంతా నేలకి ఆనించి, లేచి, పడుకున్నంత మేర ముందుకి. చేతులకి చెక్కలు కట్టుకుంది. మోకాళ్ళకి కట్టుకున్న తోళ్ళు మూడో రోజుకే చిరిగాయి. నేను టీ కూజా పట్టుకుని వెంట నడిచాను.

"నువ్వెందుకే తిప్పలు పడతావు? నువ్వు ఒక్క పురుగుని కూడా చంపలేదు" అనేది, నుదురు మీద మట్టితో.

"ఇంక చాలు అక్కా. లే."

"ఎన్ని చచ్చాయో లెక్క తెలీదు కదే. చాలని ఎలా తెలుస్తుంది?"

మంచు కరిగే నేల, పదునైన రాళ్ళు. పదిహేడో రోజు మోకాలు వాచి వంగలేదు. అయినా ఆపలేదు. చప్పుడు చేస్తూ పడేది, రెండు చేతులతో లేచేది. ఆమె పడినప్పుడల్లా నేను నోరు తెరిచాను. ఆమె లేచేసరికి మూసుకున్నాను.

నాలుగో నెలలో వాళ్ళు పట్నం పోవడానికి సిద్ధమయ్యారు. ఏడు బర్రెలతో ఏ ఇల్లూ గడవదు. జిల్లా పట్నం చివర వరసగా కట్టిన ఇళ్ళలో ఒకటి దొరికింది. బావగారు రోడ్డు పనికి పోతానన్నాడు. బర్రెల్ని, మేతని మా ఆయనకి అప్పజెప్పాడు. లారీ వచ్చింది. పెట్టెలు, పొయ్యి, చుట్టిన గుడారం ఎక్కించారు. గుడారం ఎందుకు అన్నయ్యా అక్కడ అని మా ఆయన అడిగితే, ఉండనీరా అన్నాడు బావగారు.

నమ్కీ అక్క లారీ పక్కన కర్ర ఆనుకుని నిలబడింది. ఇంక చెప్పకపోతే ఎప్పటికీ చెప్పలేనని నాకు తెలిసిపోయింది. దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"అక్కా, ఆ పల్లంలో పురుగులు నేనే వేశాను."

"ఏంటే?"

"కనుమ దాకా పోలేదు. తొమ్మిది రోజులే పోయాను. మిగతా గంపలన్నీ మీ పల్లంలోనే బోర్లించాను. మందుకీ వాటికీ సంబంధం లేదు. నేనే."

ఆమె నా మొహంలోకి చూసింది. నేను తల దించుకోలేదు, ఆ ఒక్కసారికి దించుకోలేదు. ఆమె కళ్ళు మెల్లగా నిండాయి. నా తల రెండు చేతుల్లో పట్టుకుని, తన నుదురు నా నుదుటికి ఆనించింది.

"పిచ్చిదానా. నా పాపం నీ నెత్తిన వేసుకుందామని చూస్తున్నావా?"

"కాదక్కా, నిజంగా..."

"నేను తేలిగ్గా పోవాలని ఇంత మాట అల్లావా! అత్తా! విన్నావా నీ కోడలు ఏమంటోందో?" అని, లారీ అవతల ఉన్న మా అత్తని పిలిచి అంతా చెప్పింది. బావగారు విన్నాడు. మా ఆయన విన్నాడు. ఎక్కించడానికి వచ్చిన ఇరుగుపొరుగు నలుగురూ విన్నారు.

మా అత్త నా దగ్గరికి వచ్చి, కళ్ళు ఒత్తుకుంటూ, నా భుజం మీద చిన్న దెబ్బ వేసింది. "మంచికైనా అబద్ధం అబద్ధమేనే. ఇంకెప్పుడూ అలా అనకు. రోజూ నువ్వు ఎక్కి దిగడం నేను చూడలేదా?"

అందరూ నా వైపే చూస్తున్నారు. ఒట్టు పెట్టి చెప్పొచ్చు. గట్టు చాటున ఎక్కడ పడుకున్నానో, ఏ రోజు ఏం పాడానో చెప్పొచ్చు. గద్ద అబద్ధమని అత్తకి చెప్పొచ్చు. నమ్మేదాకా చెప్పొచ్చు.

రెండోసారి చెప్పలేదు. నిజం చెప్పేశాను కదా అని లోపల ఏదో వదులైంది. ఆ వదులైన సుఖం కోసమే చెప్పానేమో అని ఇప్పుడు అనిపిస్తుంది. లారీ కదిలింది. నమ్కీ అక్క చెయ్యి ఊపుతూనే ఉంది, నేనూ ఊపాను.

మా అత్త ఆ తరవాత ఆరేళ్ళు బతికింది. చివరిదాకా నన్ను కన్నబిడ్డలా చూసుకుంది. పోయేముందు తన జపమాల మా ఆయనకి కాదు, నాకిచ్చింది.

నేను ఏడాదికోసారి వెన్న తీసుకుని పట్నం పోతాను. నమ్కీ అక్క ఇంట్లోనే దిగుతాను. ఆ మోకాళ్ళు మళ్ళీ బాగుపడలేదు. మంచం మీదనుంచి పొయ్యి దాకా గోడ పట్టుకుని నడుస్తుంది. ఆ వరసలో ఆడవాళ్ళందరికీ నా సంగతి చెప్పింది. తోటికోడలి పాపం తనమీద వేసుకోబోయిన మనిషి అని నేను వెళ్ళగానే లేచి నిలబడి పైవైపు, పెద్దవాళ్ళు కూచునే చోటు ఇస్తారు. మొదట్లో వద్దనేదాన్ని. వద్దనే కొద్దీ ఇంకా గొప్పదాన్నయ్యాను. ఇప్పుడు చూపించిన చోట కూచుంటాను.

పోయినేడు నాకు టీ పోస్తూ అడిగింది. "చెల్లీ, ఆ పల్లం ఎలా ఉందే ఇప్పుడు?"

పదేళ్ళు బోడిగా పడి ఉన్న నేల అది. ఏటా పురుగులు అక్కడే లేచేవి. తరవాత మెల్లగా తగ్గాయి, మెల్లగా గడ్డి పట్టింది. ఇప్పుడు మా బర్రెలే అక్కడ చలికాలం గడుపుతాయి.

"జానెడు లేచిందక్కా. మునుపటిలాగే ఉంది."

ఆమె కూజా కింద పెట్టేసింది. మొహమంతా విప్పారింది. ఆ పాత నవ్వు, కంచె అవతల జుట్టు విరబోసుకుని కూచున్ననాటి నవ్వు నవ్వింది.

"అయితే తీరిపోయిందన్నమాట నా పాపం!" అంది, రెండు మోకాళ్ళూ చేతులతో నిమురుకుంటూ. "గడ్డి వచ్చిందంటే తీరిపోయినట్టే కదా? నువ్వు చెప్పు. నువ్వు చెబితే నమ్ముతాను."

"తీరిపోయింది అక్కా" అన్నాను.